చెయ్యి తెగి కుట్లు పడ్డాక: మచ్చ లోపల పట్టేయకుండా ఏం చెయ్యాలి

నా ఎడమ అరచేతిలో, చూపుడు వేలి మొదట్లో, ఏ జ్యోతిష్కుడూ చదవలేని గీత ఒకటి ఉంది. అది ఆవకాయ గీత. మే నెలలో కత్తిపీట మీద కాయలు కొడుతుంటే టెంక దగ్గర కాయ జారింది, ఎనిమిది కుట్లు పడ్డాయి. కుట్లు విప్పిన డాక్టరు "ఇంకేం ఫర్లేదు, చేతికి రెస్ట్ ఇవ్వండి" అన్నారు. మా అత్తయ్యగారు ఆ మాట పట్టుకుని నన్ను గ్లాసు కూడా ఎత్తనివ్వలేదు. నేనూ హాయిగా నెల రోజులు చెయ్యి గుడ్డలో వేలాడేసుకుని కూర్చున్నాను. ఆ నెల రోజుల రెస్టుకి తర్వాత అయిదు నెలలు వడ్డీ కట్టాను. వేలు సగం ముడుచుకుని అక్కడే ఆగిపోయింది, తలుపు గొళ్ళెం తియ్యాలన్నా కుడి చెయ్యే దిక్కు.

తర్వాత ఒక ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకున్నవీ, నేను చేసి చూసినవీ వరసగా రాస్తున్నాను. ఇది చర్మం తెగి కుట్లు పడి మానినవాళ్ళకి. టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడు లాంటిది) తెగి అతికించినవాళ్ళు, ఎముక విరిగినవాళ్ళు, చెయ్యి కాలినవాళ్ళు కూడా చదవండి గానీ, వ్యాయామాలు మాత్రం మీ సర్జన్ చెప్పిన తేదీల ప్రకారమే మొదలుపెట్టండి. ఎందుకో కింద ఉంది.

మచ్చ అంటే పైకి కనిపించేదే కాదు

గాయం మానడమంటే చర్మం మళ్ళీ పాత చర్మంలా మారడం కాదు. తెగిన సందుని శరీరం కొల్లాజెన్ అనే పీచుతో పూడ్చేస్తుంది. మామూలు చర్మంలో ఈ పీచు ఒక పద్ధతిలో అల్లుకుని ఉంటుంది, గాయంలో మాత్రం హడావుడిగా వేసిన అతుకులాగా గట్టిగా, బిగుతుగా ఉంటుంది. తొడ మీద దెబ్బైతే దీనివల్ల పెద్ద నష్టం ఉండదు. చేతిలో అలా కాదు. అక్కడ చర్మం కిందే వేలిని వంచే టెండన్లు, నరాలు, రక్తనాళాలు ఇరుకు సందులో ఇళ్ళలాగా ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉంటాయి, వేలు ముడిచిన ప్రతిసారీ టెండన్ తన గొట్టంలో ముందుకీ వెనక్కీ జారాలి. పీచుకి ఏది చర్మమో ఏది టెండనో తేడా లేదు, అన్నిటినీ కలిపి అతికించేస్తుంది. అరచేతి పై గీత దగ్గర నుంచి వేలి మధ్య ఎముక దాకా ఉండే భాగానికి, చేతి శస్త్రచికిత్సకి ఆద్యుల్లో ఒకరైన అమెరికన్ సర్జన్ స్టెర్లింగ్ బన్నెల్ "నో మ్యాన్స్ ల్యాండ్" అని పేరు పెట్టాడు. అక్కడ తెగిన టెండన్ కుట్టినా, ఈ అతుక్కుపోవడం వల్ల వేలు మళ్ళీ సరిగ్గా పనిచెయ్యడం అంత కష్టంగా ఉండేది మరి.

మొదటి కొన్ని రోజులు వాపు. తర్వాత మూడో వారం దాకా పీచు తయారీ జోరుగా సాగుతుంది. అక్కడి నుంచి ఏడాది పాటు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం, ఆ పీచు కరుగుతూ కొత్తగా అల్లుకుంటూ మెత్తబడుతుంది. ఏ వైపు సున్నితంగా లాగుతూ ఉంటే ఆ వైపుకి సర్దుకుంటుంది. మనం చేసే పనంతా ఆ సర్దుబాటు మనకి కావలసిన దిక్కులో జరిగేలా చూడటమే. మూడో వారానికి మచ్చకి మామూలు చర్మం బలంలో నాలుగో వంతు కూడా రాదు, మూడు నెలలకి దాదాపు 80 శాతం వస్తుంది, ఇక అంతే. కాబట్టి "కుట్లు విప్పేశారుగా" అని నాలుగో రోజునే నీళ్ళ బిందె ఎత్తకండి.

ముందు ఏం తెగిందో అడగండి

మనకి "నరం" అంటే అన్నీ నరాలే. రక్తం చిమ్మినా నరం తెగిందంటాం, వేలు వంగకపోయినా నరమే, మొద్దుబారినా నరమే. డాక్టరు దగ్గర ఇలా మాట్లాడితే ఇద్దరికీ అర్థం కాదు. సూటిగా మూడు ప్రశ్నలు అడగండి: టెండన్ తెగిందా? స్పర్శ తెలిపే నరం తెగిందా? ఎముకకీ కీలుకీ ఏమైనా అయిందా? జవాబు డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి, తర్వాత ఏ ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళినా మొదట అడిగేది అదే.

టెండన్ కుట్టి ఉంటే ఆట నియమాలు వేరు. మొదటి కొన్ని వారాల్లో ఆ కుట్టు బలహీనంగా ఉంటుంది, గట్టిగా పిడికిలి బిగిస్తే తెగిపోవచ్చు. అలాగని కదపకుండా ఉంచితే అతుక్కుపోతుంది. అందుకే స్ప్లింటులో (చేతికి ఆసరాగా కట్టే గట్టి అచ్చు) ఉంచే, కొలిచినట్టు కొద్దికొద్దిగా కదిలిస్తారు. మామూలుగా ఆరు వారాలు స్ప్లింటు, బరువు పనులు దాదాపు పన్నెండు వారాల తర్వాతే. ఇందులో సొంత తెలివి వద్దు.

కుట్లు ఉన్న రోజుల్లో

చేతికి కుట్లు సాధారణంగా 10 నుంచి 14 రోజులకి విప్పుతారు. ఈ రోజుల్లో మచ్చకి చెయ్యగలిగిందల్లా రెండే: చీము పట్టకుండా చూడటం, వాపు తగ్గించడం.

పసుపు, కాఫీపొడి, సున్నం ఏవీ గాయంలో కూరొద్దు. కడిగి తియ్యాల్సిన మట్టికి అవి తోడవుతాయి, అంతే. టీటీ ఇంజెక్షన్ వేయించుకున్నారో లేదో చూసుకోండి. ఇక పథ్యం సంగతి. పప్పు తింటే చీము, గుడ్డు తింటే చీము, వంకాయ తింటే దురద అని నాకు పదిహేను రోజులు చారన్నం పెట్టారు. పీచు తయారయ్యేదే ప్రోటీన్‌తో, పప్పూ గుడ్డూ పెరుగూ మానేస్తే గాయం దేనితో మానాలి? మీకు పడని వస్తువేదైనా ఉంటే అది మానండి, మిగతావి తినండి. జామకాయ, నిమ్మ, ఉసిరి తింటే ఇంకా మంచిది, కొల్లాజెన్ అల్లడానికి సి విటమిన్ కావాలి. షుగర్ ఉన్నవాళ్ళు దాన్ని అదుపులో పెట్టుకోవాలి, సిగరెట్ తాగేవాళ్ళు కనీసం ఈ రెండు మూడు నెలలు ఆపాలి, రెండూ గాయాన్ని మాననివ్వవు.

వాపుని తేలిగ్గా తీసుకోకండి. వాపులో ఊరే ద్రవం రోజుల తరబడి నిలిచిపోతే కీళ్ళ చుట్టూ అదే జిగురులా గట్టిపడుతుంది. చెయ్యి గుండె కన్నా ఎత్తులో ఉంచండి, పడుకుంటే రెండు దిళ్ళ మీద, కూర్చుంటే కుర్చీ ఆనుడు మీద. మెడకి వేలాడేసుకునే గుడ్డ అందుకు పనికిరాదు, అందులో చెయ్యి గుండె కన్నా కిందే ఉంటుంది, పైగా భుజం కూడా పట్టేస్తుంది. బస్సెక్కేటప్పుడు వాడండి, ఇంటికి రాగానే తీసెయ్యండి. దెబ్బ తగలని వేళ్ళు, మోచెయ్యి, భుజం మొదటి రోజు నుంచే ఆడిస్తూ ఉండండి, డాక్టరు వద్దంటే తప్ప. ఉంగరాలు వెంటనే తీసెయ్యండి.

మసాజ్: రోజూ చెయ్యాల్సిన అసలు పని

కుట్లు విప్పి, పక్కులన్నీ రాలి, ఎక్కడా తడి లేకుండా చర్మం మూసుకున్నాక మొదలుపెట్టాలి. చాలామందికి ఇది దెబ్బ తగిలిన రెండు మూడు వారాలకి వస్తుంది. ఎక్కడైనా చిన్న రంధ్రం ఉన్నా ఆగండి.

గోరువెచ్చని నీళ్ళలో చెయ్యి అయిదు నిమిషాలు పెట్టి తుడుచుకోండి. రెండు చుక్కల కొబ్బరినూనె, లేదా వాసలీన్, లేదా వాసన లేని మాయిశ్చరైజర్ చాలు. నూనె మచ్చని కరిగించదు, వేలు ఎండు చర్మం మీద గీరకుండా ఉండటానికే. విటమిన్ ఇ క్యాప్సూల్ గుచ్చి రాసుకోమని చాలామంది చెప్తారు, దానివల్ల మచ్చ బాగుపడిన దాఖలా లేకపోగా కొందరికి దద్దుర్లు వస్తాయి. ఉల్లి సారం క్రీముల మీద కూడా నాకు గురి లేదు, ఆ డబ్బుతో సిలికాన్ షీటు కొనుక్కోండి, దాని సంగతి కింద ఉంది.

ఇప్పుడు రెండో చేతి బొటనవేలు మచ్చ మీద పెట్టి, నొక్కే గోరు కొస తెల్లబడేంత నొక్కండి. ఆ నొక్కు వదలకుండా చర్మాన్ని దాని కింది పొర మీద కదపండి. వేలు చర్మం మీద జారకూడదు, చర్మమే వేలితో పాటు కదలాలి. చాలామంది తప్పు ఇక్కడే చేస్తారు, నూనె పూసి పైపైన రుద్దుతారు, అది తలంటు. మొదట మచ్చ పొడవునా, తర్వాత అడ్డంగా, తర్వాత చిన్న సున్నాలు చుట్టినట్టు. ఎక్కడ చర్మం కదలనని మొండికేస్తుందో అక్కడే లోపల అతుక్కుని ఉందన్నమాట, ఆ చోట ఇంకో నిమిషం ఎక్కువ ఉండండి. నాలుగో వారం దాటాక మచ్చని రెండు వేళ్ళ మధ్య చిటికెలా పట్టి పైకి లేపి, చపాతీ అంచు చుట్టినట్టు అటూ ఇటూ దొర్లించండి.

ఒక్కోసారికి అయిదు నుంచి పది నిమిషాలు, రోజుకి మూడు సార్లు. లాగుతున్నట్టు, కాస్త అసౌకర్యంగా ఉండటం సహజం. చర్మం చిట్లితే, పొక్కు లేస్తే, మర్నాటి పొద్దుటికి వాపు పెరిగి ఉంటే అది ఎక్కువైందని గుర్తు, ఒక రోజు ఆపి సగం బలంతో మళ్ళీ మొదలుపెట్టండి. వారమంతా వదిలేసి ఆదివారం అరగంట పిసికితే మచ్చ ఇంకా ఎర్రబడి గట్టిపడుతుంది. నేను టీవీ సీరియల్ ప్రకటనల్లో చేసేదాన్ని, అవి ఎలాగూ కావలసినన్ని ఉంటాయి.

వేలు ఎందుకు వంగట్లేదో ఇలా తేల్చుకోండి

నాకు ముందే తెలిస్తే బాగుండేదనిపించిన సంగతి ఇది. దెబ్బ తగిలిన వేలిని దాని సొంత బలంతో వంచండి, ఎంత వంగిందో చూడండి. తర్వాత రెండో చేత్తో మెల్లగా వంచండి. రెండో చేత్తో బాగా వంగి, సొంతంగా వంగకపోతే కీలు బాగానే ఉంది, టెండన్ మచ్చకి అతుక్కుపోయి ఉండొచ్చు, లేదా అసలు తెగి ఉండొచ్చు. సొంతంగా అస్సలు కదలకపోతే వెంటనే డాక్టరుకి చూపించాలి. రెండు రకాలుగానూ వంగకపోతే కీలే బిగుసుకుంది. వేలు కదిపినప్పుడు మచ్చ దగ్గర చర్మం గుంటలా లోపలికి లాక్కుంటోందంటే చర్మమూ టెండనూ కలిసిపోయాయన్నమాట. (టెండన్ కుట్టినవాళ్ళు రెండో చేత్తో లాగే పరీక్షలు చెయ్యకూడదు.)

అతుక్కున్న టెండన్‌ని జార్చడానికి వరసగా అయిదు భంగిమలు ఉన్నాయి. మొదట వేళ్ళన్నీ తిన్నగా. తర్వాత వేళ్ళ మొదటి కణుపులు కదపకుండా మధ్య, చివరి కణుపులు మాత్రం వంచి కొక్కెంలా. మళ్ళీ తిన్నగా చాపి పూర్తి పిడికిలి. మళ్ళీ చాపి, వేళ్ళు తిన్నగా ఉంచి మొదటి కణుపుల దగ్గర మాత్రమే వంచి, పెంకుటింటి చూరులా. ఆఖరికి వేలి కొసలు అరచేతి కింది భాగానికి తగిలేలా, చివరి కణుపులు మాత్రం వంచకుండా పిడికిలి. ఒక్కోదాంట్లో మూడు నుంచి అయిదు సెకన్లు ఆగాలి. కొక్కెం భంగిమ వింతగా అనిపిస్తుంది గానీ, వేలిని వంచే రెండు టెండన్లు ఒకదాని మీద ఒకటి బాగా జారేది అందులోనే.

తర్వాత కణుపు పట్టి వంచడం. రెండో చేత్తో చివరి కణుపుకి కాస్త కింద, మధ్య కణుపు వంగకుండా వేలిని పట్టుకుని చివరి కణుపు ఒక్కటే వంచండి. ఆ తర్వాత ఇంకాస్త కింద పట్టుకుని మధ్య కణుపు. వేలు ఊరికే వంచమంటే తెలివిగా సులువైన కణుపు దగ్గర వంగి తప్పించుకుంటుంది, ఇలా పట్టుకుంటే తప్పించుకోలేదు.

మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి, అయిదు నుంచి పది సార్లు. రోజుకి ఒకేసారి వంద కాదు. ఫోన్‌లో అలారం పెట్టుకోండి. మసాజ్ అయిన వెంటనే చేస్తే ఇంకా బాగా కదులుతుంది.

అరచేతి వైపు మచ్చ ఉంటే ఇంకో గొడవ, అది రాత్రంతా ముడుచుకుంటూ వేలిని లోపలికి లాగుతుంది. పొద్దున్నే వేలు తిన్నగా రాకపోతే రాత్రి పూట వేలిని చాపి ఉంచే స్ప్లింటు అవసరం, ఫిజియోథెరపిస్టు వేడి చేసిన ప్లాస్టిక్‌తో మీ చేతికి సరిపోయేలా చేసిస్తారు. ఐస్‌క్రీం పుల్లలు కట్టుకుని నేను చేసిన ప్రయోగం వల్ల చర్మం ఒరుసుకుపోయింది తప్ప ఇంకేం కాలేదు.

సిలికాన్, టేపు, ఎండ

మచ్చ ఉబ్బి ఎర్రగా, గట్టిగా ఉంటే సిలికాన్ షీటు గానీ జెల్ గానీ వాడొచ్చు. గాయం పూర్తిగా మూసుకున్నాకే. షీటైతే రోజుకి కనీసం 12 గంటలు, రెండు మూడు నెలలు. మన ఎండలకి అరచేతిలో అది నిలవదు, చెమటకి జారిపోతుంది, అందుకని పగలు జెల్, రాత్రి షీటు పెట్టి పైన పలచటి గ్లవ్ వేసుకునేదాన్ని. రోజూ చెయ్యీ షీటూ రెండూ సబ్బుతో కడగాలి, లేకపోతే చెమటకాయలు లేస్తాయి. అంత ఖర్చు వద్దనుకుంటే మందుల షాపులో దొరికే కాగితం టేపు మచ్చ పొడవునా అంటించుకున్నా మచ్చ మీద లాగుడు తగ్గుతుంది. మచ్చ చేతి వెనక వైపు ఉంటే ఏడాది పాటు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రాయండి, స్కూటర్ మీద గ్లవ్స్ వేసుకోండి, కొత్త మచ్చ ఎండకి నల్లబడితే ఓ పట్టాన పోదు.

మచ్చ గాయం హద్దులోనే ఉబ్బితే చాలావరకు కాలంతో పాటు తగ్గుతుంది. హద్దు దాటి పక్క చర్మంలోకి పాకుతుంటే అది కీలాయిడ్. అరచేతిలో అరుదు, చేతి వెనకా మణికట్టు మీదా రావచ్చు. దానికి చర్మ వైద్యులు మచ్చలోకే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. కోసి తీసేస్తే చాలనుకోకండి, ఒట్టి కోతతో పోతే ఇంకా పెద్దదై రావచ్చు.

ముట్టుకుంటే కరెంటు షాకు, లేదా అసలు తెలియకపోవడం

మచ్చ మీద చీర కొంగు తగిలినా చురుక్కుమంటుందా? దాన్ని దాచిపెట్టుకుంటే ఇంకా పెంకిగా తయారవుతుంది. నెమ్మదిగా అలవాటు చెయ్యాలి. మొదట దూది, తర్వాత పట్టుగుడ్డ, నూలుగుడ్డ, టర్కీ తువ్వాలు, ఆఖర్న గోనె. ఒక్కోదానితో అయిదు నిమిషాలు, రోజుకి మూడు నాలుగు సార్లు, అది ఓర్చుకోగలిగాక తర్వాతిది. దీనికి వంటింటి డబ్బాలు బ్రహ్మాండంగా పనికొస్తాయి: బియ్యప్పిండిలో చెయ్యి పెట్టి కలపడంతో మొదలుపెట్టి, రవ్వ, మినప్పప్పు, బియ్యం, చివరికి శనగలు. (ఆ గింజలు మళ్ళీ వండొద్దు, వేరే డబ్బాలో పెట్టుకోండి.)

మొద్దుబారితే కథ వేరు. తెగిన నరం మళ్ళీ పెరగడం రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు, అంటే అరచేతి నుంచి వేలి కొసకి చేరాలంటే నెలలు. ఈలోపు ఆ వేలు ఏది వేడో మీకు చెప్పదు. వెల్లూరు సీఎంసీలో కుష్ఠు రోగుల చేతులకి ఆపరేషన్లు చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ చెప్పింది ఇదే: ఆ వేళ్ళు పోయేది రోగం నేరుగా కొరుక్కుతినడం వల్ల కాదు, నొప్పి తెలియక తగిలే దెబ్బల వల్ల, కాలడం వల్ల అని. నేను బాణలి చెవి అలాగే పట్టుకున్నాను, కమురు వాసన వచ్చాక గానీ తెలియలేదు. వేడినీళ్ళు రెండో చేత్తో చూసి పెట్టుకోండి, క్లినిక్‌లో మైనం వేడి పెడుతుంటే "ఇక్కడ నాకు స్పర్శ లేదు" అని ముందే చెప్పండి.

ఫిజియోథెరపీ అంటే మెషిన్ పెట్టి పదిహేను నిమిషాల్లో పంపేసేదే అయితే వేరే చోటు చూసుకోండి. మీ వేలు పట్టుకుని, కొలిచి, ఇంటి పని చెప్పి పంపేవాళ్ళు కావాలి.

బలం, పని

టెండన్ దెబ్బ లేకపోతే నాలుగు నుంచి ఆరు వారాల మధ్య మెత్తటి స్పాంజి పిండటంతో మొదలుపెట్టొచ్చు. చపాతీ పిండి పిసకడం కన్నా మంచి వ్యాయామం నాకు తెలీదు, రెండో నెలలో ఇంట్లో రోజూ చపాతీలే. తర్వాత బట్టలు పిండటం, కొబ్బరి తురమడం. వారానికోసారి కొలుచుకోండి: పిడికిలి ముడిచి వేలి కొసకీ అరచేతి గీతకీ మధ్య ఎంత ఎడం ఉందో స్కేలుతో. నాకు మొదటి రోజు 4 సెంటీమీటర్లు, అయిదో నెలాఖరుకి అర సెంటీమీటరు. రోజూ చూసుకుంటే తేడా కనిపించక విసుగొస్తుంది.

ఎప్పుడు ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి

చీము, జ్వరం, చేతి మీదికి పాకే ఎర్రదనం, అప్పటిదాకా కదిలే వేలు 'టప్' మని హఠాత్తుగా ఆగిపోవడం, ఇవి అదే రోజు చూపించాల్సినవి. దెబ్బకి మించిన మంట, చెయ్యంతా వాచి నున్నగా మెరవడం, రంగు మారడం, ఒక చెయ్యే చెమటలు పట్టడం కనిపిస్తే అది వేరే జబ్బు, సీఆర్‌పీఎస్ అంటారు, తొందరగా పట్టుకుంటేనే లొంగుతుంది. దాన్ని "మసాజ్ సరిపోలేదేమో" అనుకుని ఇంకా గట్టిగా పిసక్కండి.

మూడు నుంచి ఆరు నెలలు శ్రద్ధగా చేసినా, రెండో చేత్తో పూర్తిగా వంగే వేలు సొంతంగా వంగకపోతే టెనోలైసిస్ అనే ఆపరేషన్ ఉంది, టెండన్‌ని అతుకుల నుంచి విడదీస్తారు. కణుపు గీతల్ని అడ్డంగా దాటి బిగుసుకున్న మచ్చకి జడ్-ప్లాస్టీ (ఇంగ్లీషు జడ్ అక్షరం ఆకారంలో కోసి కుట్టడం) చేసి దిక్కు మారుస్తారు. చేతి ఆపరేషన్లు తరచుగా చేసే ప్లాస్టిక్ సర్జన్నో ఆర్థోపెడిక్ సర్జన్నో వెతుక్కోండి. అయితే ఒక్క సంగతి, టెనోలైసిస్ అయిన మర్నాటి నుంచే, కుట్లు పచ్చిగా ఉండగానే, పైన చెప్పిన భంగిమలన్నీ మళ్ళీ గంటకోసారి చెయ్యాలి. అందుకే సర్జన్ మొదట అడిగేది "ఇన్నాళ్ళూ ఎక్సర్‌సైజులు చేశారా?" అని.